రెండు ఆకుపచ్చ సీసాలు

ఆ ఇంట్లో పాలు విరిగాయో లేదో తేల్చేది ఆమె ముక్కు. గ్యాస్ లీకవుతోందా, నిన్నటి కూర ఇవాళ తినొచ్చా, పిల్లాడి బూట్లు ఎండలో పెట్టాలా, అన్నిటికీ ఆ ముక్కే దిక్కు. ఆమె ఆఫీసుకి బయల్దేరుతుంటే అత్తగారు గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చేది. "ఒక్కసారి వాసన చూసి పోవే తల్లీ!" వచ్చినవాళ్లందరి దగ్గరా "మా కోడలి ముక్కుకి తిరుగులేదు" అని మెచ్చుకునేది కూడా. జీతం లేని ఉద్యోగాలకి పొగడ్తల కరువుండదు.

పెళ్లయ్యాక మొదటిసారి తనకంటూ ఒక సెంటు కొనుక్కోవాలనిపించి, ఆ సాయంత్రం దారిలో దుకాణం ముందు భర్త చేత కారు ఆపించింది. సేల్స్ అమ్మాయి రెండు ఆకుపచ్చ సీసాలు ముందుపెట్టి, చెరో కాగితపు ముక్క మీద చల్లి ఇచ్చింది. రెండింట్లోనూ తెల్లపూలూ పచ్చి ఆకులే. మొదటిది రావడంతోనే మీద పడిపోయింది. రెండోది నెమ్మది. ముందు అప్పుడే తుంచిన కాడ వాసన, కాస్త చేదుగా, తడిగా. దాని వెనకాల ఎక్కడో పువ్వు. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ పీల్చింది. పాడైందా అని కాకుండా, నచ్చిందా అని తన ముక్కుని తను అడిగి ఎన్నేళ్లయిందో!

"ఇంకా ఎంతసేపు? రెండూ ఒకటేగా" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే.

"కాదండీ. కాసేపు ఆరనిస్తే అసలు వాసన తెలుస్తుంది."

"ఏదైతేనేం? అయినా నిన్ను వాసన చూడ్డానికి ఎవరొస్తున్నారట?"

అనేసి సేల్స్ అమ్మాయి వైపు చూసి నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. చేతికందిన మొదటి సీసా ముందుకు తోసి, "ఇది ప్యాక్ చేసెయ్యండి" అన్నాడు. కార్డు మాత్రం ఆమెదే.

ఇల్లు చేరేదాకా ఆమెకి ఒళ్లు మండిపోతూనే ఉంది. విరిగిన పాలకి పనికొచ్చే ముక్కు పూలకి పనికిరాదా? పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చింది. "నీకెప్పుడూ కోపం ముక్కు మీదే" అని ఆయన వేళాకోళం చేశాడు. దానికీ ముక్కే దొరికింది!

పొద్దున్న హ్యాండ్‌బ్యాగులో కాగితపు ముక్కలు కనిపించాయి. మొదటిది నీళ్లు మార్చని పూలకూజాలా పులిసిపోయింది. రెండోది ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె విప్పని డబ్బానీ బిల్లునీ బ్యాగులో పెట్టుకుంది. ఆఫీసుకి వెళ్తూ మార్చుకుంటే సరి.

అంతలో భర్త రెండు తెల్లచొక్కాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"వీటిలో ఒకటి నిన్న వేసుకున్నది. కలిసిపోయాయి. ఇవాళ మీటింగులో పెద్దాయన పక్కనే కూర్చోవాలి. కాస్త వాసన చూసి చెప్పు, తొందరగా!"

చూడక్కర్లేదు. ఎడమచేతిలోదని గుమ్మం దగ్గరికే తెలిసిపోతోంది. ఆమె చెప్పులేసుకుంది.

"రెండూ ఒకటేనండీ" అంది. "అయినా మిమ్మల్ని వాసన చూడ్డానికి ఎవరొస్తున్నారట?"