సాలెహ్ జాగ

ప్రహ్లాద్‌ను దవాఖానోళ్లు ఇగ మాతోని కాదని ఇంటికి తోలిచ్చిన వారమే, అంజన్ అనే పోరగాడు నా బట్టల దుకాణానికి వచ్చిండు. ఎనభైనాలుగుల, ఎండకాలం. రైల్‌గేట్ బాయ్స్ పాటలు నలుగురు దోస్తులం గిటార్లు, డ్రమ్ముతోని క్యాసెట్ చేస్తున్నం, పెద్దాయన ఉన్నప్పుడే ఆయన చేతిల పెట్టాలె అన్నడు. నాకు మస్తు సంతోషమైంది. ఉప్పుగూడల గా పేరు ఇంకా యాదికున్నోడు ఒకడున్నడా అనుకున్న.

రైల్‌గేట్ బాయ్స్ అంటే మేమే. ప్రహ్లాద్, ఉమాపతి గిటార్లు, నేను డ్రమ్ము, బార్కస్ సాలెహ్ పాట. అరవై ఎనిమిదిల సాలెహ్ కామెర్లొచ్చి పోయిండు. ఇంకోన్ని పెట్టుకోమని అందరు చెప్పిన్రు, ప్రహ్లాద్ వినలే. పాటోడు లేకుండ ఉత్త గిటార్ల మీద రాక్ వాయించిన మొదటోళ్లు పట్నంల మేమే అని అప్పట్ల పొగుడుతుండిరి గని, గది గొప్పకు చేసింది కాదు. సాలెహ్ పాడే చరణం రాంగనే ప్రహ్లాద్ గిటార్ ఆపుతుండె. ఆయన్ని చూసి ఉమాపతి ఆపుతుండె. నా డ్రమ్మొక్కటే మెల్లగ నడుస్తుండె. గది సాలెహ్ జాగ. బ్యాండ్ ఉన్నన్ని రోజులు ఎవ్వడు దాంట్ల వేలు పెట్టలే.

చాంద్రాయణగుట్ట కాడ కిరాయి అర్రల రికార్డింగ్. నేను సుత పోయి కూసున్న. పోరగాండ్లు బాగనే వాయించిన్రు, అబద్ధమెందుకు. సాలెహ్ జాగ వచ్చేసరికి అంజన్ దాని నిండ గిటార్ వాయించిండు. నాకు నెత్తి మండింది. ఖాళీ కనబడితే మీకు చెయ్యి ఆగదారా, సచ్చినోని జాగల పోయి కూసుంటవారా అని లొల్లి లొల్లి చేసిన. అంజన్ తలకాయ వంచుకొని అది తుడిపేసి, నేను చెప్పినట్టే ఖాళీ ఇడిసి మళ్ల రికార్డ్ చేసిండు.

క్యాసెట్ పట్టుకొని ఇద్దరం ప్రహ్లాద్ ఇంటికి పోయినం. ప్రహ్లాద్ భార్య కమల వదిన టేప్‌రికార్డర్ మంచం పక్కన పెట్టింది. ప్రహ్లాద్ కండ్లు మూసుకొని విన్నడు. సాలెహ్ జాగ వచ్చింది, డ్రమ్మొక్కటే నడిచింది. సంతోషపడతడని నేను ఆయన మొకమే చూస్తున్న.

"ఈడ ఎవ్వడు వాయించలేదా?" అన్నడు.

నువ్వు ఇడిసిన ఖాళీ అట్లనే ఉంచిన అని చెప్పిన. అంజన్ వాయిస్తే తుడిపిచ్చిన ముచ్చట సుత చెప్పిన, గొప్పగనే.

ప్రహ్లాద్ టేప్ ఆపమన్నడు. "నాకు చాతగాక ఆపిన, వైకుంఠం. ఆడికి రాంగనే వాడు యాదికొచ్చి వేళ్లు ఆడకపోతుండె. మీల ఎవడన్న అందుకుంటడేమో అని ప్రతిసారి చూసిన. ఎవ్వడు అందుకోలే."

అంజన్ ఇంటికి ఉరికిపోయి తన గిటార్ తెచ్చిండు. మంచం పక్కన పీట మీద కూసున్నడు. వదిన టేప్ వెనక్కి తిప్పింది. ఆ చరణం రాంగనే అంజన్ నా దిక్కు చూసిండు. వాయించు బిడ్డా అన్న. కరెంటు తగిలియ్యని గిటార్, చిన్నగనే పలికింది. ప్రహ్లాద్ ఏడ్చిండు. సాలెహ్‌ను మన్నుల పెట్టిన నాడు సుత ఏడ్వని మనిషి.

"ఇన్నేండ్లు సాలెహ్‌ను నిలబెట్టే ఉంచినం, వైకుంఠం," అన్నడు. "ఇగ కూసోనియ్యి."

నేను మొకం అవుతలికి తిప్పుకొని ఏడ్చిన. అంజన్ ఆపకుండ వాయిస్తనే ఉన్నడు.