కోర్టు లేచేవరకు

గంటమ్మ నాలుగో తరగతి గది ఊడ్చి, ఐదో తరగతి సగం ఊడ్చి, చీపురు గోడకి ఆనించి మళ్ళీ కిటికీలోంచి రోడ్డుకేసి చూసింది. కూతురు ఇంకా రాలేదు. పొద్దున లేచినప్పటినుంచీ ఆమెకి కాలు ఒకచోట నిలవటం లేదు. ఈరోజు కోర్టులో శిక్ష చెబుతారు. శిక్ష పడబోయే మనిషికి ఉండాల్సిన దిగులు ఉండనే ఉంది గానీ, దానికి రెండింతలు హుషారు కూడా ఉంది. ఇన్నేళ్ళ బతుకులో హాలునిండా జనం తన గురించి మాట్లాడుకోవటం ఇదే మొదలు. పెళ్ళిలో కూడా అందరూ భోజనాల గురించే మాట్లాడుకున్నారు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కుడిచెయ్యి ఎడమచేతికన్నా కాస్త లావు. వరండాలో వేలాడే ఇనప పట్టా మీద కమ్మీతో కొట్టీ కొట్టీ అలా అయింది. ఆ సర్కారు బడిలో ముందు ఆమె మొగుడు గంట కొట్టేవాడు. అతను పోయాక ఆ ఉద్యోగం ఈమెకిచ్చారు. అప్పటికి కూతురు ఒళ్ళోపిల్ల. ఆ పిల్లని చంకనేసుకునే గదులూడ్చింది, మంచినీళ్ళు పట్టింది, గంట కొట్టింది. అసలు పేరు జీతాలరోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు, ఆమెక్కూడా.

ఇంతకీ ఇలాంటి మనిషి కోర్టుకెందుకెక్కిందంటే, పోయినేడు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, పాపం. చావుబతుకుల్లో ఉన్న భార్య బతికి బయటపడ్డప్పటినుంచీ ఆయనకి భక్తి పట్టుకుంది. పొద్దుటి అసెంబ్లీలో తన మతం ప్రార్థన పెట్టించాడు. మొదట్లో చిన్నదే. తర్వాత దానికో పాట తగిలింది, ఆపైన ఓ కథ, కథ మీద ఉపదేశం, అంతా కలిసి చేంతాడంత అయింది. ‘మాది ఈ మతం కాదండీ’ అన్న పిల్లలు కొందరు తేలారు. వాళ్ళని బలవంతపెట్టకూడదని బడి కమిటీ పెద్దలు మహా ఉదారంగా ఆలోచించి, ప్రార్థన అయ్యేదాకా గేటు బయట నిలబడమన్నారు.

ఎండాకాలం ఎలాగో గడిచింది. వానలు పడ్డాయి. ఓ పొద్దున పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని గేటు బయట తడుస్తున్న పిల్లల్ని చూసి గంటమ్మకి కడుపు తరుక్కుపోయింది. పాట మధ్యలో తరగతుల గంట కొట్టేసింది. అంతే! బడిలో గంటకి ఎదురేముంది? పిల్లలు మూసిన కళ్ళు తెరవకుండానే వరసలు తిరిగారు. టీచర్లు పుస్తకాలు చంకన పెట్టుకున్నారు. హెడ్మాస్టరు నోరు పాడుతూనే ఉంది, కాళ్ళు మాత్రం ఆఫీసు గదికేసి నడిచాయి. గేటు తెరుచుకుంది. అప్పట్నించీ వాన పడ్డ ప్రతి పొద్దునా పాట మధ్యలోనే గంట మోగింది. ప్రార్థనకి కావాలని భంగం కలిగిస్తోందని చివరికి కమిటీవాళ్ళు కేసు పెట్టారు. హెడ్మాస్టరు సంతకం చేశాడు.

తప్పు చేసినట్టు రుజువైందని క్రితం వాయిదాలో జడ్జిగారు చెప్పేశారు. ఆమె కాదంటేగా! శిక్ష ఎంతన్నది మాత్రం ఆయన ఇష్టం. మందలించి పంపొచ్చు, జరిమానా వెయ్యొచ్చు, ఏడాది దాకా లోపల కూచోబెట్టొచ్చు. జైలంటే ఉద్యోగం ఊడినట్టే. ఊడితే కమ్మీ ఇంకొకరి చేతికి పోతుంది. కూలో నాలో చేసుకుని బతకొచ్చు, ఆ గంట లేకపోతే పొద్దున్నే ఎందుకు లేవాలో మాత్రం ఆమెకి తెలీదు.

కూతురు ఆటో దిగుతూనే మొదలుపెట్టింది.

“అమ్మా, ప్లీడరుగారు చెప్పిన మాట ఏదీ, ఒకసారి అను.”

“తప్పయిపోయిందయ్యా, ఇంకెప్పుడూ చెయ్యను.”

“అంతే. దానికి తోకలు తగిలించకు. నీకు పుణ్యముంటుంది.”

“నేనేమన్నా చిన్నపిల్లనా?”

“చిన్నపిల్లయితే ఒక్కటి పీకి చెప్పేదాన్ని.”

కోర్టు హాలు కిటకిటలాడుతోంది. ‘దేవుడి జోలికి పోయినదానికి ఆర్నెల్లన్నా పడాలి’ అని ఒకరు, ‘దేవుడికి లేని కోపం నీకెందుకయ్యా’ అని ఒకరు. జడ్జిగారు పొట్టిగా, మొహం ముడుచుకుని ఉన్నారు. ఐదు కొడితేగాని కుర్చీలోంచి లేవరని, నవ్వితే జీతం కోసేస్తారన్నట్టు ఉంటారని ఆయనకి పేరు. సర్కారు ప్లీడరు లేచి, ఈమెని వదిలిపెడితే రేపు ప్రతి బడిలోనూ గంటలు దేవుడికి ఎదురు తిరుగుతాయన్నాడు. గంటమ్మ ప్లీడరు కుర్రమనిషి, ఆయన గొంతు ఆమె గుండె కన్నా ఎక్కువ వణికింది. ఇన్నేళ్ళలో ఈమె మీద మాట లేదని, పశ్చాత్తాపపడుతోందని, మందలించి వదిలెయ్యాలని వేడుకున్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు తీశారు.

“శిక్ష గురించి చెప్పుకునేదేమైనా ఉందా?”

“తప్పయిపోయిందయ్యా.”

కూతురు ఊపిరి పీల్చుకుంది.

“మళ్ళీ చేస్తావా?”

చెయ్యను. ఒక్క మాట. నాలుక చివరిదాకా వచ్చింది. బోనులోంచి కిటికీ బయట ఆకాశం కనిపించింది, నల్లగా మబ్బు పట్టి ఉంది.

“వాన పడకపోతే చెయ్యనండి.”

హాలు ఘొల్లుమంది. కూతురు నెత్తి కొట్టుకుంది. ప్లీడరు కూలబడ్డాడు.

“పడితే?”

“పడితే మరి పిల్లలు తడుస్తారు కదండీ. ఆ ప్రార్థన నాక్కూడా నోటికొచ్చండీ, మాదీ ఆ మతమే. పొద్దున్నే ఇంట్లో చేసుకునే వస్తాను. నా పాట వినే దేవుడు వాళ్ళ తుమ్ములు వినడంటారా?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్ళజోడు తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు.

“బడిలో ప్రార్థన ఉండాలా వద్దా అన్నది పైకోర్టులో ఉంది. నా ముందున్నది గంట ఒక్కటే. పశ్చాత్తాపం సగమే ఉందని ఈవిడే ఒప్పుకుంది కనక మందలించి పంపటం కుదరదు.” గుమస్తా కేసి తిరిగారు. “కోర్టు లేచేవరకు ఖైదు. ఈ శిక్ష ఆమె ఉద్యోగానికి అడ్డు కాదని కూడా రాసుకోండి.”

ప్లీడరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. కూతురు ఏడుస్తూ నవ్వింది. గంటమ్మకి ఏమీ అర్థంకాలేదు. కోర్టు జవాను దగ్గరకొచ్చి చెప్పాడు.

“సాయంత్రం దాకా ఆ వెనక బెంచీ మీద కూచోవాలమ్మా. అయ్యగారు లేచి లోపలికెళ్తే నీ ఖైదు అయిపోయినట్టే.”

“కూచోటమేనా? కూచుంటే శిక్షా?”

“అంతే మరి.”

“అమ్మో! నాలుగున్నరకి ఇంటిగంట ఎవరు కొడతారూ?”

అది పైకే అనేసింది. జడ్జిగారు తలెత్తలేదు. తర్వాతి కేసు పిలవమన్నారు.

బెంచీ మీద ఆడ కానిస్టేబులు పక్కన కూచుంది. పట్టపగలు, ఫ్యాను కింద, పని లేకుండా! ఇలా కూచుని ఎన్నేళ్ళయిందో. పురిట్లో కూడా మూడోనాడే లేచింది. సంతోషం పట్టలేక కానిస్టేబుల్ని పిల్లలెందరని అడిగింది, అత్తగారు మంచిదేనా అని అడిగింది, జైల్లో నిజంగా దోమలుంటాయా అని అడిగింది. ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెన్నులో ఎక్కడో కలుక్కుమంటోంది. కూచోటం అలవాటు లేక అనుకుంది గంటమ్మ.

మూడున్నర దాటాక మాత్రం మాటలు తగ్గాయి. కుడిచెయ్యి ఊరికే ఉండటం లేదు, బెంచీ అంచు మీద వేళ్ళు ఆడిస్తోంది. గంట మోగకపోతే పిల్లలు కదలరు. హెడ్మాస్టరు కొడితే? ఆయనకి కమ్మీ పట్టుకోవటం కూడా రాదు, వేలు నలక్కొట్టుకుంటాడు. పాపం, భార్య ఇంకా పూర్తిగా కోలుకోలేదు, ఇంట్లో పనంతా చెయ్యాల్సింది ఆయనే కదా.

సర్కారు ప్లీడరు ఏదో పొలం తగాదాలో మంచి ఊపుమీద ఉన్నాడు. నాలుగు దాటిందో లేదో, జడ్జిగారు కలం మూత పెట్టారు.

“మిగతాది రేపు.”

లేచి నిలబడ్డారు. సర్కారు ప్లీడరు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. జడ్జిగారు గోడ గడియారం కేసి చూశారు, వెనక బెంచీ కేసి చూడనే లేదు, గబగబా లోపలికి వెళ్ళిపోయారు.

హాలంతా ఒక్కసారి కలకలం. జవాను పరుగెత్తుకొచ్చాడు.

“అమ్మా, కోర్టు లేచిపోయింది! నీ కోసమే లేచారు! ఇంకా కూచున్నావేంటి, పద పద!”

గంటమ్మ లేచి ఒక్కటే పరుగు. వెనకాల కూతురు, దాని వెనక నల్లకోటు ఎగరేసుకుంటూ ప్లీడరు. దారిలో జనం ఎవరో దొంగ పారిపోతున్నాడనుకుని పక్కకి తప్పుకున్నారు. ముగ్గురూ ఆటోలో పడ్డారు.

“నీ చెప్పులేవే?” అంది కూతురు, తల్లి కాళ్ళు చూసి.

“హాలు బయట విడిచాను. పొద్దున వెళ్ళేసరికి తడిగుడ్డ పెట్టి ఉందే. ఒకళ్ళు తుడిచిన నేల ఎలా తొక్కను? పోనీలే, రేపు తెచ్చుకుంటా. బాబూ, కాస్త తొందరగా పోనీ నాయనా!”

బడి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. పిల్లలంతా సంచులు భుజాన వేసుకుని బల్లల మీద కొసన కూచుని ఉన్నారు. వరండాలో హెడ్మాస్టరు కమ్మీ చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. గంటమ్మ ఎదురెళ్ళి చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశాడు.

“వదిలేశారా?” అన్నాడు మెల్లిగా.

“ఉద్యోగం ఉందండీ” అంది, రొప్పుతూ.

కొట్టింది. ఎప్పుడూ కొట్టేదానికన్నా ఎక్కువసేపు, మొహమంతా నవ్వుతో, భుజం ఎగిరేలా కొట్టింది. వీధి చివరి దుకాణంలో వాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు. పిల్లలు హోరుమని ఒక్క ప్రవాహంలా గేటు దాటారు, ఏ మతంవాళ్ళు ఎవరో తెలియకుండా అందరూ ఒకేసారి తడుస్తూ. గంటమ్మ వరండా మెట్టు మీద కూచుని, స్తంభానికి ఆనుకుని వాళ్ళని చూసింది.

ప్లీడరు ఫోన్లో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. కూతురు ఆటోవాడితో మాట్లాడుతోంది. హెడ్మాస్టరు లోపలికెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, “ఇదిగోమ్మా, తాగు” అన్నాడు. రెండోసారి అన్నాడు. ఆమె కళ్ళు గేటుకేసే తెరుచుకుని ఉన్నాయి, రెప్ప వాలటం లేదు. తర్వాత గ్లాసు కింద పెట్టి, మెట్టు మీద ఆమె పక్కనే కూలబడి, ప్రార్థన మాట ఒక్కటీ గుర్తు రాక, చిన్నపిల్లాడిలా “అమ్మా, అమ్మా” అని పిలిచాడు.

అదే సమయానికి కోర్టులో జవాను కిటికీలు మూసి, హాలు తాళం వేస్తున్నాడు. గుమ్మం పక్కన ఒక చెప్పుల జత కనిపించింది. అరిగి పల్చబడ్డాయి, ఒకదాని పట్టీకి పిన్నీసు పెట్టి ఉంది. ఎవరివో తెలిసి నవ్వుకున్నాడు. వానజల్లు కొడుతోందని వాటిని చేత్తో తీసి, రేపు ఆమె వచ్చేసరికి తడవకుండా ఉండాలని, గోడవార జాగ్రత్తగా జతచేసి పెట్టాడు.