మరదలు వాయించినట్టే

మరదలు ఇంట్లో అడుగుపెట్టేదాకా వదినని అందరూ గిటారమ్మ అనే పిలిచేవారు.

డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో, ఇస్త్రీ అయిన బట్టలు ప్లాస్టిక్ కవర్లలో వేలాడుతుంటే, వాటి మధ్య ఆదివారాలు సాధన చేసే చిన్న బృందం వాళ్ళది. షాపు యజమాని డ్రమ్ములు వాయిస్తాడు. స్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ పాడుతుంది. గిటారు మాత్రం మొదట్నుంచీ ఈమెదే. "గిటారమ్మ వచ్చిందా? అయితే మొదలెడదాం" అనేవాడు డ్రమ్ములాయన. ఆ ఒక్క మాట కోసమే ఆమె వారమంతా కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తూ గడిపేసేది.

తర్వాత మరదలు, అంటే భర్త చెల్లెలు, వచ్చింది. తను పనిచేసే బేకరీ ఈ వైపు కొత్త కొట్టు తెరవడంతో, అన్నయ్య ఇంట్లో ఖాళీగా ఉన్న వెనక గదిలో దిగింది. కేకుల మీద క్రీముతో పూలూ ఆకులూ వేయడం ఆమె పని. ఒక ఆదివారం సరదాగా వదిన వెంట సాధనకి వచ్చింది. ఇంకో గిటారు ఉంటే నిండుగా ఉంటుందని డ్రమ్ములాయన ఉండిపొమ్మన్నాడు. ఆ పిల్ల నోరు తెరిస్తే "వదినా, వదినా" అంటుంటే విని, మిగతావాళ్ళూ "వదినగారూ" అనడం మొదలుపెట్టారు. గిటారమ్మ అన్న పేరు ఎవరూ లాక్కోలేదు. పొయ్యి మీద మరిచిపోయిన నీళ్ళలా ఇగిరిపోయింది, అంతే. ఒకరోజు డ్రమ్ములాయన మరదలి వైపు తిరిగి, "గిటారమ్మా, నువ్వు మొదలుపెట్టు" అన్నప్పుడు ఆ గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. వదినకి మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

అన్నిటికన్నా మంట ఏమిటంటే, ఆ పిల్ల వాయించేది వదిన పాత గిటారే. బీరువా మీద దుమ్ము పట్టి ఉంటే, "తీసుకోవే, నాకెందుకది, మెడ కూడా కాస్త వంగింది" అని తనే దించి ఇచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

వదిన దగ్గర ఏం తక్కువని? ఎర్రటి కొత్త గిటారు ఉంది. శబ్దం పెంచే నడుమెత్తు యాంపు ఉంది. కాలితో నొక్కే పెడల్స్ ఉన్నాయి. శబ్దాన్ని బొంగురు చేసేదొకటి, బావిలో అరిచినట్టు ప్రతిధ్వని తెప్పించేదొకటి, అలలు అలలుగా ఊపేదొకటి, ఏం చేస్తుందో కొన్నాక కూడా సరిగ్గా అంతుపట్టనిదొకటి. హాల్లో వాటిని వరసగా పరిస్తే భర్త గుమ్మంలోనే ఆగిపోయేవాడు.

"ఏమోయ్, చుట్టాలొచ్చారా? ఇన్ని చెప్పులున్నాయి?"

"చెప్పులు కాదు, పెడల్స్. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"నీకున్నవి రెండే కాళ్ళు కదా అని అడిగా, అంతే."

షాపులో ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది, ఫ్రేము మార్చి చూపు మెరుగైందని మురిసిపోయేవాళ్ళని. "అద్దాలు అవేనండీ, ఫ్రేమే మారింది" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వుతోనే ఇంటికొచ్చి ఇంకో పెడల్ అట్టపెట్టె విప్పేది.

టౌన్‌హాల్లో తమ బృందం కార్యక్రమం ఖరారైన రోజు డ్రమ్ములాయన అసలు సంగతి చెప్పాడు.

"మూడో పాట మధ్యలో మేమందరం ఆగిపోతాం. గిటారు ఒక్కటే వినపడాలి. ఆ ముక్క ఎవరు వాయించాలో... ఇద్దరూ తయారవ్వండి. వచ్చే నెల విని తేలుద్దాం."

"ఎప్పుడూ నేనేగా వాయించేది?" అంది వదిన.

"అవుననుకోండి. ఇప్పుడు ఇద్దరయ్యారు కదా."

"వదినే వాయిస్తుందిలెండి" అంది మరదలు చప్పున.

ఆ జాలి మరీ కాల్చింది. "నీ దానధర్మాలు నాకెందుకమ్మా? విననీ" అంది వదిన.

ఆ రోజు నుంచి ఆమె చెవులు వెనక బాల్కనీకి అతుక్కుపోయాయి. సాయంత్రం బేకరీ పని ముగించుకుని వచ్చి, నాలుగు ముద్దలు తిని, మరదలు అక్కడ బట్టలుతికే మెషీను పక్కన పీట వేసుకు కూర్చునేది. యాంపు లేదు, పెడల్ లేదు. ముక్కంతా కూడా వాయించదు. అందులో సగం తీసుకుని, ముందు నోటితో సన్నగా కూనిరాగం తీసి, ఆ తర్వాత తీగల మీద వెతుక్కునేది. కుదరకపోతే మళ్ళీ కూనిరాగం, మళ్ళీ వెతుకులాట. వినేవాడికి పిచ్చెక్కాలి. కానీ ఆ చివరి స్వరం ఉంది చూశారూ, దాన్ని పట్టి, తీగ మీద వేలు మెల్లగా ఊపుతుంటే, వెళ్ళలేక వెళ్తున్న మనిషి వీధి మలుపులో వెనక్కి తిరిగి చూసినట్టుండేది. వదిన వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడిపోయేది. "దీనమ్మ కడుపు చల్లగుండ, ఎక్కణ్ణించి వస్తోంది దీనికి?" అనుకునేది. పైకి మాత్రం, "అమ్మాయ్, ఆ మెషీను తిరగడం అయిందేమో చూడు" అని కేకేసేది.

ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టాలని పట్టు పట్టింది. ఒక ఉదయం మరదలు పనికి వెళ్ళాక గదిలోకి దూరింది. అద్దాల మందం కొలిచే పరికరం షాపు నుంచి హ్యాండ్‌బ్యాగులో తెచ్చుకుంది. దానితో పాత గిటారు తీగలు ఒక్కొక్కటే కొలిచింది. తన తీగలూ అంతే లావు. ఆ తర్వాత తీగలు మీటే ప్లెక్ట్రం కొలిచింది. కొట్లో కొన్నది కాదది. కేకు మీద క్రీము చదును చేసే ప్లాస్టిక్ పలకలోంచి కత్తిరించిన ముక్క.

"దొరికావే దొంగా!" అంది వదిన, దొంగతనంగా దూరిన గదిలో నిలబడి.

ఆ సాయంత్రమే అడిగింది. "అమ్మాయ్, మీ బేకరీలో క్రీము గీకే పలకలు పాతవుంటే ఒకటి తెచ్చిపెట్టు."

"ఎందుకు వదినా?"

"గిన్నెలకి అంటిన మాడు గీకడానికి."

"మాడు గీకితే అది వంగిపోతుంది వదినా."

"వంగితే వంగనీ. నీ సొమ్మేం పోయింది?"

మరదలు రెండు తెచ్చింది. వదిన వాటిని కత్తిరించి, అద్దాలు అరగదీసే చక్రం మీద అచ్చం అదే మందానికి దించి, ఆశగా వాయించింది. గిటారు ఎప్పటిలాగే మోగింది. పాత గిటారు తీసి చూసింది, అదే తంతు. యాంపు మీద మీటలు తిప్పింది, మొత్తం కట్టేసింది. చివరికి మరదలు కూర్చునే పీట మీదే కూర్చుంది, అదే మెషీను పక్కన, అదే గోడకి ముఖం పెట్టి. ఏదీ పని చేయకపోయేసరికి, ముందు కూనిరాగం తీసి చూసింది. సగం ముక్కే తీసుకుని చూసింది. అలా ఒక్కొక్కటీ దొంగిలిస్తూ పోయి పోయి, దొంగిలించడానికి ఇంకేమీ మిగలక, ఆఖరికి ఆ పిల్ల సాధన దొంగిలించింది. రోజూ షాపు తెరిచే ముందు, ఇల్లు ఖాళీ అయ్యాక, పీట మీద. షాపులో కళ్ళజోడు చెవుల వెనక సరిచేస్తుంటే ఒకావిడ, "మీ వేళ్ళు గరుగ్గా ఉన్నాయేంటండీ" అంది. వదినకి పతకం వేసినట్టయింది.

ఒక ఆదివారం పొద్దున మరదలు కూరగాయలకి వెళ్ళింది. భర్త స్నానాల గదిలో ఉన్నాడు. వదిన పీట వేసుకుంది. కూనిరాగం, సగం ముక్క, మిగతా సగం. చివరి స్వరం పట్టుకుని వేలు ఊపింది. వచ్చింది. వీధి మలుపులో మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"చెల్లీ!" స్నానాల గదిలోంచి కేక. "ప్రాణం లేచొచ్చిందే! పనిలోపని మీ వదినక్కూడా కాస్త నేర్పి పుణ్యం కట్టుకో!"

మొదట ఆమెకి గాల్లో తేలినట్టయింది. సాధించాను! ఆ వెంటనే ఎక్కడో కలుక్కుమంది. వంట తను చేస్తే, వడ్డించినావిడకి దండం పెట్టి వెళ్ళినట్టుంది.

భర్త తల తుడుచుకుంటూ వచ్చి ఆగిపోయాడు. "నువ్వా!"

"నేనే. మీ చెల్లెలు కూరగాయలకి వెళ్ళింది."

"అచ్చం దానిలాగే..." అని సగంలో నాలుక కరుచుకున్నాడు.

"నేను వాయిస్తే ఎలా ఉంటుంది?"

"ఇప్పుడు నేనేం చెప్పినా తప్పే కదా?"

"చెప్పండి, ఏమీ అనను."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నీది తగువులా ఉంటుంది. ఎదుటివాడి మాట పూర్తికాకముందే అందుకుంటావు చూడు, అలా. ఒక స్వరం ఇంకా పలుకుతుండగానే రెండోదొచ్చి దాని జుట్టు పట్టుకుంటుంది. వినేవాడికి కాస్త భయం, కాస్త నవ్వు."

"అంటే గయ్యాళి వాయింపంటారు."

"నేనన్లేదు, నువ్వే అన్నావు."

"మరి పెడల్స్ పెట్టి వాయిస్తే?"

"దుప్పటి కప్పుకుని పోట్లాడినట్టుంటుంది. ఎవర్నో తిడుతున్నావని తెలుస్తుంది, ఏం తిడుతున్నావో వినపడదు."

ఏమీ అననంది కాబట్టి ఏమీ అనలేదు. కానీ ఆ పూట కాఫీ ఆయనే పెట్టుకోవాల్సి వచ్చింది.

తేల్చే ఆదివారం రానే వచ్చింది. ముందు మరదలు వాయించింది. ఆవిరి వాసన నిండిన ఆ గదిలో కవర్లలోని బట్టలు కూడా ఊపిరి బిగబట్టినట్టున్నాయి. టీచరమ్మ కళ్ళు మూసుకుంది. డ్రమ్ములాయన కర్రలు ఒళ్ళో పెట్టుకుని మరిచిపోయాడు. వదిన మాత్రం కళ్ళు తెరిచే ఉంచింది. ఈ ముక్క తనకీ వచ్చు. అచ్చం ఇలాగే వాయించగలదు. అప్పుడు ఇద్దరిలో ఎవరు మెరుగో తేలదు, తేలకపోతే పాతకాపు అన్న మర్యాదకైనా ఆ ముక్క తనకే ఇస్తారు. ఆ లెక్క ఆమె రాత్రే వేసుకుని వచ్చింది.

పెడల్స్ సంచీ విప్పలేదు. గిటారు నేరుగా యాంపుకి తగిలించి మొదలుపెట్టింది. మొదటి సగం మరదలు వాయించినట్టే వచ్చింది. తలెత్తి చూసింది. మరదలు చిరునవ్వుతో తలాడిస్తోంది, "ఆఁ, అంతే, అలాగే" అన్నట్టు, పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పటి నవ్వు.

ఆ నవ్వు చూశాక వదినకి ఇక ఆగలేదు. రెండో సగం మీద పడిపోయింది. పోయిన పేరు, దించి ఇచ్చిన పాత గిటారు, "నేర్పి పుణ్యం కట్టుకో" అన్న మాట, అన్నీ వేళ్ళలోకి దిగాయి. ఇదివరకైతే ఆ దూకుడుకి వేళ్ళు తడబడి స్వరాలు కాళ్ళకి కాళ్ళు అడ్డుపడి దొర్లేవి. ఇప్పుడు పీట మీద అరిగిన వేళ్ళు చెప్పినట్టు విన్నాయి. ఒకదాని మాటకి ఒకటి అడ్డు తగులుతూనే ఉంది, కానీ ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. చివరి స్వరాన్ని పట్టుకోలేదు, ఊపలేదు. ఎదుటివాడి ముఖం మీద తలుపేసినట్టు కొట్టి వదిలేసింది.

టీచరమ్మ ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇదెక్కడ దాచారండీ ఇన్నాళ్ళూ?" అన్నాడు డ్రమ్ములాయన. తర్వాత మెడ వెనక రుద్దుకున్నాడు. "కానీ వదినగారూ, అది నెమ్మది పాట. మధ్యలో ఇది పెడితే నిద్రపోయేవాణ్ణి తన్ని లేపినట్టుంటుంది. ఆ ముక్క మాత్రం మీ మరదలే వాయించాలి. ఏమనుకోకండి."

"ఏమనుకుంటాను? వాయించమనండి" అంది వదిన. వైరు చుట్టి సంచీలో కుక్కింది. ఇంటికెళ్ళేదాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది. పక్కన మరదలు ఒళ్ళో వేళ్ళతో ఏదో వెతుక్కుంటోంది.

సాయంత్రం వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే బాల్కనీలోంచి గిటారు వినపడింది. తను గెలుచుకున్న ముక్క కాదు ఆ పిల్ల వాయిస్తున్నది. వదిన రెండో సగం. స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి చితికిపోతున్నాయి. ఆగింది. కూనిరాగం తీయబోయింది, అంత వేగం గొంతుకి అందలేదు. మళ్ళీ వాయించింది. మళ్ళీ చితికింది.

"వదినా, ఒక్కసారి రావా? ఆ రెండో స్వరం ఎక్కణ్ణించి అందుకుంటున్నావు? నాకు రావట్లేదు."

ఆ గొంతులో పుల్లగా ఏదో తగిలింది. దాని రుచి వదినకి తెలియంది కాదు. ఇన్ని నెలలూ అదే నమిలింది.

"పనిలో ఉన్నానే" అంది. సరిగ్గా వినపడాలని కుళాయి కట్టేసింది.

గిటారు ఇంకోసారి తడబడింది. "వదినా! వింటున్నావా?"

"ఆఁ, వింటున్నా" అంది వదిన, తడిచేతులు తుడుచుకోకుండా అక్కడే గోడకి ఆనుకుని. "మళ్ళీ వాయించు."