రెక్క ఆగిన చోటు

మందుల దుకాణం నుంచి తిరిగొస్తూ సైకిల్ మీద కట్ట ఎక్కేసరికి మా ఇల్లు కనిపించింది. మా ఇల్లంటే గాలిమర. చుట్టూ పల్లపు నేల కాబట్టి ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. కింది రెక్క నిట్టనిలువుగా నిలిచే చోటు దాటి, కాస్త అవతలికి పోయి ఆగి ఉంది.

మా వైపు అది చావు కబురు. రెక్క ఆ చోటుకు చేరకముందే ఆపితే పెళ్లో పురుడో. దాటాక ఆపితే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టు. మా తాత ఈ మరలో బార్లీ ఆడించేవాడు. యుద్ధకాలంలో శత్రు సైనికులు సోదాకొస్తుంటే ఈ రెక్కలతోనే సైగ చేసి ఊరి కుర్రాళ్లను రెల్లుపొదల్లోకి తరిమాడట. ఆయన పోయిన రోజు నాన్న రెక్కను అలా నిలిపి, దాని కిందే కూర్చుని ఏడ్చాడు. కరెంటు మరలొచ్చాక గిరాకీ పోయింది. నాన్న తిరగలి రాళ్లు దింపించేసి, పై అంతస్తులో మంచాలు వేయించాడు. మర ఇల్లయింది గానీ రెక్కల భాష మారలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా మొగుడు రూబెన్, మంచం పట్టిన నాన్న. ఇంకెవరు పోతారు?

"హిల్యా! ఆగవే తల్లీ!" పక్కింటి త్రైన్ పిన్ని తన గేటు దగ్గర అప్పుడే నల్ల కోటు తొడుక్కుని నిలబడింది. "పొద్దున్నేగా నా సూపు ఉప్పు కషాయమని తిట్టాడు మీ నాన్న..."

"నోర్ముయ్ పిన్నీ!"

పెద్దావిణ్ణి అంత మాటన్నా సిగ్గు వేయలేదు. భయం తప్ప నాలో ఇంకేం లేదు. ఎదురుగాలి. ఎంత తొక్కినా ఇల్లు దగ్గరికి రాదే! బయల్దేరేటప్పుడు నాన్న "తొందరగా రా" అంటే, "వస్తాలే, గోల చెయ్యకు" అని విసుక్కున్నాను. అదే ఆఖరి మాటా?

రూబెన్ గుమ్మం దగ్గర చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"నాన్న..." అన్నాను.

"పైన పడుకున్నాడు. ఏంటలా పాలిపోయావ్?"

"మరి రెక్క ఎవరు జరిపారు?"

"నేనే. మామయ్య కిటికీకి అడ్డంగా ఉంది, ఎండే పడట్లేదు. బ్రేకు వదిలి కాస్త పక్కకి జరిపా."

రోటర్‌డామ్‌లో ట్రాముల మధ్య పెరిగిన మనిషికి రెక్కల భాషేం తెలుసు! "నీ మొహం మండ! అలా పెడితే చచ్చిపోయారనిరా!" అంటూ అతని ఛాతీ మీద రెండు చేతులా బాదాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

అప్పుడే లోపల ఏదో పడ్డ చప్పుడైంది.

మెట్ల కింద నాన్న నేలమీద బోర్లా పడి ఉన్నాడు. నెలల తరబడి మంచం దిగని మనిషి. మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. తల ఒళ్లోకి తీసుకుంటే నన్ను గుర్తుపట్టనట్టు చూశాడు. తర్వాత నా చెంపలు, ముక్కు, జుట్టు తడుముకున్నాడు.

"ఎందుకు దిగావు నాన్నా?"

"గదిలోకి ఎండొచ్చింది," అన్నాడు ఎగశ్వాసతో. "చూస్తే రెక్క అవతలుంది. నేనా, బతికే ఉన్నా. బయట అల్లుడు దగ్గుతున్నాడు. ఇంక మిగిలింది నువ్వేగా! పిలిచా, గాలికి వాడికి వినపళ్లేదు."

రూబెన్ రెక్క సరిచేయడానికి పరిగెత్తాడు. నాన్న నా మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"నిన్ను ఎక్కడ పడుకోబెట్టారో చూద్దామని దిగానే," అన్నాడు.