తల్లిసీసా

మందుల షాపులో కొన్న మామూలు షుగర్ బిళ్లను కరిగించి యంత్రంలో పెడితే, తెర మీద ఆకు పీక్ లేచింది.

ఆమె కళ్లద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. పీక్ అక్కడే ఉంది. శాంపిల్‌లో ఏ పదార్థం ఉన్నా దానికంటూ ఒక చోటుంటుంది. ఆ చోట గీత కొండకొమ్ములా పైకి లేస్తుంది. దాన్నే ల్యాబులో పీక్ అంటారు. ఇప్పుడు లేచిన చోటు ఆమెకి తన ఇంటి గుమ్మమంత పరిచయం. కంపెనీ అమ్మే కొండతీగ ఆకు క్యాప్సూల్‌కి ప్రాణం అనుకుంటున్న పీక్ అది. షుగర్‌ని దించే గుణమంతా అందులోనే ఉందని పరిశోధన పత్రం రాసింది కూడా ఆమే.

ఈ బిళ్లలో కొండతీగ ఈనె ముక్కైనా లేదు.

అణువు బరువు తూచే రెండో యంత్రంలో పెట్టింది. బరువూ అదే వచ్చింది.

బిళ్లలోకి ఆకు వచ్చే దారి లేదు. ఆకులోకే బిళ్ల వచ్చింది.

ఆమె స్టూలు మీద అలాగే కూలబడిపోయింది. పక్కన ఫ్రిజ్ గుర్రుమంటోంది. దాని పై అరలో, గాజు పెట్టెలో, నల్లటి చిన్న సీసా ఉంది. మొట్టమొదటి బ్యాచ్ పొడి అది. అందరూ దాన్ని తల్లిసీసా అంటారు. ఏ కొత్త బ్యాచ్ వచ్చినా దాని గీతల్ని తల్లిసీసా గీతలతో పోల్చాలి. పోలిక కుదిరితే పాస్, కుదరకపోతే వెనక్కి. తోటలోంచి వచ్చిన పచ్చి ఆకులో ఆ పీక్ కనిపించదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె ఆ మాటే అడిగితే, "సన్నసెగ మీద ఆరేటప్పుడు పుడుతుందమ్మాయ్, పెరుగు పాలలో కనిపిస్తుందా?" అన్నారు సార్. భలే చెప్పారనుకుని నవ్వింది. ఆ ఆరబెట్టే గదిలోకి సార్ తప్ప ఎవరూ వెళ్లరు. పిల్లలందరినీ తల్లితో పోల్చి చూశారు గానీ, ఆ తల్లి ఎవరని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

ల్యాబులో ఆయన్ని సార్ అంటుంది. ఇంట్లో బాబాయిగారూ అంటుంది. ఆయన ఆమె భర్తకి మేనమామ, అత్తగారికి స్వయానా తమ్ముడు.

ఆ అత్తగారే పొద్దున్న వంటగదిలో చెమటలు కక్కుతూ, ఎదురుగా ఉన్న కోడల్ని ఎవరివమ్మా నువ్వు అని అడిగి, నేల మీద ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కించాక మనిషి కళ్లు తెరిచింది. డాక్టరమ్మ ఆమె భర్తని పక్కకి పిలిచి, "మీ అమ్మగారు ఏ షుగర్ బిళ్ల వాడుతున్నారు?" అని అడిగింది.

"బిళ్లా? మా అమ్మా?" అతను ఆ కంగారులోనూ నవ్వాడు. "బిళ్ల కనిపిస్తే పోలీసుని చూసిన దొంగలా గోడ దూకుతుందండీ. మా మావయ్య చేసే ఆకు క్యాప్సూల్, అదొక్కటే."

"ఆకుకి ఇంతలా పడిపోదు. ఇది పాతకాలం బిళ్ల ఒకటుంది, అది మింగిన వాలకం." ఆ బిళ్ల పేరు చెప్పింది. "పైగా ఆవిడ కిడ్నీలు మందకొడిగా ఉన్నాయి. నిజంగా ఆ బిళ్లే అయితే ఒంట్లోంచి ఓ పట్టాన పోదు. మనిషి బాగానే ఉందనుకుంటాం, నిద్రలో మళ్లీ పడిపోతుంది. లేవదు. అలాగైతే ఇక్కడే పెట్టుకుని కనిపెట్టుకుని ఉండాలి. మీరు లేదంటున్నారు కాబట్టి సాయంత్రం ఇంటికి తీసుకెళ్లండి. మంచాలు ఖాళీ లేవు, బయట జనం బారులు తీరి ఉన్నారు."

పక్కనే నిలబడి వింటున్న కోడలికి ఎక్కడో కలుక్కుమంది. ఎదురుగా ఉన్న షాపులో ఆ బిళ్లల అట్ట కొని, భర్తకి చెప్పీ చెప్పక ల్యాబుకి వచ్చేసింది.

ఇప్పుడు కిటికీ అద్దం మీద ఎండ పసుపు తిరుగుతోంది. సాయంత్రం దగ్గర పడుతోంది.

ఫోన్ చెయ్యాలి. ఫోన్ గేటు దగ్గర ఉంది. రహస్యాలు బయటికి పొక్కుతాయని, సార్‌ది తప్ప లోపలికి వచ్చేవాళ్ల ఫోన్లన్నీ గేటు దగ్గర అరల్లో పెట్టించుకుంటారు. ల్యాబులో ఉన్నదల్లా గోడకి ఒక స్పీకర్ డబ్బా. అది సార్ గదికి తప్ప ఇంకెక్కడికీ పలకదు.

ఆమె పరుగెత్తింది. ల్యాబుకీ వరండాకీ మధ్య కోటు మార్చుకునే ఇరుకు గది ఉంది. రెండు వైపులా గాజు తలుపులు. లోపలికి దుమ్ము రాకుండా, ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. మొదటి తలుపు దాటింది. అది వెనక మెత్తగా మూసుకుంది. రెండో తలుపుకి కార్డు చూపించింది.

ఎర్ర దీపం.

మళ్లీ పెట్టింది. కోటుకి తుడిచి పెట్టింది. ఎర్ర దీపమే. వెనక్కి తిరిగి మొదటి తలుపుకి పెట్టింది. అక్కడా ఎరుపే.

గోడ మీద ఎమర్జెన్సీ బటన్ కొట్టింది. ఎక్కడో గంట మోగింది. మోగినచోటి నుంచి వరండాలో చెప్పుల చప్పుడు తాపీగా దగ్గరికి వచ్చింది.

సార్ వచ్చి గాజుకి అవతల నిలబడ్డారు. తలంతా తెలుపు, చొక్కా జేబులో రెండు పెన్నులు, మొహాన ఎప్పటి నవ్వే. వెనక సెక్యూరిటీ మనిషి ఉన్నాడు. భారీ ఒళ్లు చూసి అందరూ అతన్ని బీరువా అని పిలుస్తారు.

"బీరువా, నువ్వెళ్లి టీ తాగు. అమ్మాయి కార్డు మొరాయించింది. నేను చూస్తాలే."

"టీ ఇప్పుడే తాగానండి."

"మళ్లీ తాగు. తాగితే పోయేదేముంది, తలుపుల్లో పట్టడం ఎలాగూ కష్టమే నీకు."

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె గాజు మీద రెండు చేతులూ వేసి అరిచింది. మందపాటి గాజు. అతను వెనక్కి చూడలేదు.

సార్ అటువైపు గోడకున్న బటన్ నొక్కి పట్టుకున్నారు. ఆయన నొక్కినంతసేపే మాట ఇటూ అటూ వెళ్తుంది.

"నీ యంత్రంలో నడిచేదంతా నా గదిలో తెర మీద కనిపిస్తుందని మర్చిపోయావా అమ్మాయ్? షుగర్ బిళ్ల ఎందుకు నడిపావు? ఎవరు చెప్పారు?"

"సార్, ముందు తలుపు తియ్యండి."

"లారీ బయల్దేరాక తీస్తాను. సరుకు ఎక్కిస్తున్నారు. చీకటి పడేలోపు గేటు దాటుతుంది. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"ఆ ఫైలు తీసేస్తాను. ఎవరికీ చెప్పను. నన్ను వెళ్లనివ్వండి."

"మూడో తరగతి పిల్లలా అబద్ధమాడకు. నీకు చేతకాదు." ఆయన కాస్త వంగి, గాజుకి దగ్గరగా వచ్చారు. "నాకేదో అవుతుందని చూస్తున్నావేమో. ప్రతి బ్యాచ్ రిపోర్టు కింద సంతకం ఎవరిది?"

ఆమె చూపు తన కుడిచేతి వేళ్ల మీదికి పోయింది.

"నీదే. ఆ పీక్ ఆకుదేనని పత్రం రాసిందెవరు? నువ్వే. సభల్లో చప్పట్లు కొట్టించుకుంది నువ్వు. నా వేలిముద్ర ఎక్కడైనా ఉందేమో వెతుక్కో. నువ్వు నోరు తెరిస్తే మొదట లోపలికెళ్లేది నువ్వేనమ్మా. నీ మంచికే చెప్తున్నాను."

ఇరుకు గదిలో గాలి వేడెక్కింది. కొక్కేలకి వేలాడుతున్న తెల్లకోట్లు ఆమె భుజాలకి ఒరుసుకుంటున్నాయి. అటు తిరిగితే గాజు, ఇటు తిరిగితే గాజు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ బోను ఇవాళ్టిది కాదు. ఒక్కో సంతకం ఒక్కో ఊచ. అన్నీ తన చేత్తోనే పాతుకుంది.

అయినా అది తర్వాతి సంగతి. ఆమె గాజుకి దగ్గరగా జరిగింది.

"బాబాయిగారూ."

ఆ పిలుపుకి ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఈ గోడల మధ్య ఆమె ఎప్పుడూ అలా పిలవలేదు.

"అత్తయ్య ఆస్పత్రిలో ఉంది. పొద్దున్న షుగర్ పడిపోయి వంటగదిలో కూలిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు."

నవ్వు ఒక్క క్షణం ఆగి, మళ్లీ వచ్చింది. "తెలివైనదానివే. అక్కని అడ్డం పెట్టుకుంటావా?"

"మా ఇంటికి ఫోన్ చేసి చూడండి."

ఆయన అక్క ఇంటికే చేశారు. ఫోన్ మోగినట్టే మోగి ఆగింది. మళ్లీ చేశారు. ఆ ఇంట్లో ఫోన్ మోగడమే ఆలస్యం, అత్తగారు ఎక్కడున్నా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తుకొచ్చి, 'ఎవరూ, తమ్ముడేనా, బతికే ఉన్నావా?' అని కసురుకుంటుంది. ఇప్పుడు ఎవరూ ఎత్తలేదు.

ఆయన మొహంలో రంగు మారింది. మేనల్లుడి నంబరు నొక్కారు. ఒక చెయ్యి గోడ బటన్ మీదే ఉండిపోయింది. రెండో చేత్తోనే ఫోన్ పట్టుకుని స్పీకర్ పెట్టారు.

"మావయ్యా! నీకే చేద్దామనుకుంటున్నా." భర్త గొంతు గాజు దాటి ఆమె చెవిన పడింది. "అమ్మ సంగతి చెప్పిందా మీ కోడలు? కంగారు పడకు, బాగానే ఉంది. నర్సుతో అప్పుడే గొడవ కూడా పెట్టుకుంది. ఇప్పుడే సంచి సర్దుతున్నాం, ఇంటికెళ్లిపోతున్నాం."

"ఏమండీ! తీసుకెళ్లొద్దు!" ఆమె అరిచింది. సార్ చప్పున బటన్ మీంచి చెయ్యి తీసేశారు. మాట తెగిపోయింది.

గాజు అవతల ఆయన పెదాలు కదులుతున్నాయి. ఏదో అడుగుతున్నారు. ఏదో వింటున్నారు. ఉన్నట్టుండి ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఫోన్‌లోకి గట్టిగా అరిచారు. ఆ అరుపు బటన్ నొక్కకుండానే గాజులోంచి సన్నగా వినిపించింది.

"వెయ్యకు! ఆ క్యాప్సూల్ నోట్లో వెయ్యకు!"

ఆమె గాజుని రెండు పిడికిళ్లతో బాదింది. ఆయన ఆమె వైపు చూశారు. తర్వాత బటన్ నొక్కారు.

"... ఎందుకు మావయ్యా? ఆకేగా? అమ్మే అడిగింది, తమ్ముడి మందు తెచ్చావా అని."

"ఖాళీ కడుపున వద్దురా. రేపు... రేపు చూద్దాం." ఆయన నుదుటి మీద చెమట భుజానికి తుడుచుకున్నారు. ఆ ఒక్క అబద్ధంతో గట్టెక్కిపోతానన్న ఆశ ఆమెకి స్పష్టంగా కనిపించింది.

ఫోన్ మైకుని బొటనవేలితో మూసి ఆమెతో అన్నారు. "చాలా? వేసుకోవడం ఆపాను. సరిపోయింది కదా."

"సరిపోదు బాబాయిగారూ. పొద్దున్న వేసుకున్నది ఒంట్లోనే ఉంది. ఆవిడ కిడ్నీలు బాగాలేవట."

"కిడ్నీలా? నాకెవరూ చెప్పలేదే!"

"మాకే ఇవాళ తెలిసింది. ఇంటికి తీసుకెళ్తే పడుకుంటుంది. నిద్రలో మళ్లీ పడిపోతుంది. బిళ్ల అని తెలిస్తేనే డాక్టరమ్మ ఉంచుకుంటానంది. నేను చెప్పినా ఆ పేరొక్కటే చెప్పగలను. ఎంత కలిపారో, ఎన్నాళ్లుగా ఇస్తున్నారో నాకు తెలీదు. ఆవిడకి మీరు విడిగా డబ్బా ఇస్తారుగా. అందులో ఎంతుందో ఈ భూమ్మీద మీ ఒక్కరికే తెలుసు." ఆమె గాజు మీద అరచెయ్యి ఆనించింది. "నన్ను ఇక్కడే ఉంచండి. లారీ పంపించుకోండి. నా సంతకాలకి నేనే జైలుకెళ్తాను. ఆవిడకి మాత్రం చెప్పండి."

ఫోన్‌లోంచి భర్త, "మావయ్యా, లైన్లో ఉన్నావా? ఆటో వచ్చేసింది," అంటున్నాడు. ఆ వెనక నుంచి సన్నగా, నీరసంగా, అత్తగారి గొంతు. "వాడేనా? బతికే ఉన్నాడా?"

ఆయన గోడకి ఆనుకున్నారు. బటన్ మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. ఫోన్ పట్టుకున్న చేత్తోనే మెడలోని కార్డు ఎత్తి తలుపుకి ఆనించారు. పచ్చ దీపం వెలిగింది. తలుపు తెరుచుకుంది.

ఆమె బయటికి పరుగెత్తలేదు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆటోని పంపించెయ్," అన్నారాయన ఫోన్‌లోకి. "అమ్మని మంచం మీద పడుకోబెట్టు. ఫోన్ డాక్టరమ్మకి ఇవ్వు. ఎందుకని అడక్కు. ఇవ్వు."

అటు నుంచి ఒక ఆడగొంతు విసుగ్గా ఎవరండీ అంది.

"అమ్మా, నేను ఆవిడ తమ్ముణ్ని. ఆ క్యాప్సూల్ చేసేది నేనే. మీరు పొద్దున్న చెప్పిన బిళ్లే అందులో ఉంది. ఆకు వట్టి పొడి, దానికేమీ లేదు. మా అక్క బిళ్ల మింగేది కాదు. మా నాన్న షుగర్‌తోనే కాలు పోగొట్టుకున్నాడు. ఇదీ అదే దారిలో పోతుంటే చూడలేక, బిళ్ల నూరి ఆకుపొడిలో కలిపి, కొండతీగ మందని చెప్పి ఇచ్చాను. షుగర్ దిగింది. దిగిందని అది వీధి వీధంతా చాటింది. అందరూ నాకూ కావాలన్నారు, కంపెనీ పెడతామని వచ్చారు. కాదని చెప్పాల్సిన రోజున నోరు రాలేదు. నన్ను జీవితంలో మొదటిసారి శాస్త్రవేత్తగారూ అన్నారమ్మా. అక్కకి పెట్టిన సీసాలో మిగిలిన పొడే మా మొదటి బ్యాచ్. మా అక్క కోడలికి ఏమీ తెలీదు. అది పరీక్ష చేసింది నిజాయితీగానే. నేనే దాని చేతికి తప్పుడు తూకంరాయి ఇచ్చాను. పోయిన వారం అక్క ఫోన్ చేసి, షుగర్ కాస్త పెరిగిందిరా, నీ ఆకు ముసలిదైందా అని ఎగతాళి చేసింది. పౌరుషం వచ్చి దాని డబ్బాలో మోతాదు రెట్టింపు చేశాను. మామూలు క్యాప్సూల్‌లో ఒక బిళ్ల ఉంటుంది, దాని దాంట్లో రెండు. రోజుకి రెండు పూటలా వేసుకుంటుంది. కిడ్నీల సంగతి నాకు తెలీదు. తెలిస్తే మాత్రం ఆపేవాణ్నా అంటే, ఏమో, దానికీ ఏదో ఒక లెక్క చెప్పుకునేవాణ్నేమో. దాన్ని ఇంటికి పంపకండి. నిద్రపోనివ్వకండి. పోలీసుల్ని మీరు పిలుస్తారో, నన్నే పిలవమంటారో చెప్పండి. ముందు గ్లూకోజు పెట్టండమ్మా."