పుర్రచేతి గ్రైండర్

అంతమ్మది పుర్రచెయ్యి. అన్నం ఒక్కటే కుడిచేత్తో తింటుంది. అదీ చిన్నప్పుడు తల్లి నాలుగు తగిలిస్తే వచ్చిన విద్య. మిగతా పనులన్నీ, ముగ్గు దగ్గర్నుంచి గ్రైండర్ దాకా, ఎడమచేతితోనే.

గ్రైండర్ అంటే దోసెల పిండి రుబ్బేది కాదు. మొయినాబాద్ రోడ్డు మీద యోసేపు షెడ్డు ఉంది. అజీజ్‌నగర్ ఫాంహౌజులకు ఏనుగు పట్టేంత ఇనుప గేట్లు అక్కడే తయారవుతాయి. ఆ గేట్లకు వెల్డింగ్ చేసిన చోట తేలిన బుడిపెలను గ్రైండర్‌తో రుద్ది నున్నగా చెయ్యాలి. ఎనిమిదేళ్లుగా ఆ పని అంతమ్మది.

చేరిన రోజే నిప్పురవ్వలన్నీ ఆమె మొహం మీదికి కొట్టాయి. లోకంలో అన్ని మిషన్లలాగే అదీ కుడిచేతి వాళ్ల కోసం పుట్టిందే. "పుర్రచేతిది గ్రైండర్ పడితే గేటు కాదు, మొహం నున్నగైతది" అని షెడ్డులో మగవాళ్లు పడీపడీ నవ్వారు. మర్నాడు అంతమ్మ గ్రైండర్ తలకాయకున్న నాలుగు స్క్రూలు విప్పి, ఆ తలకాయను అటు మొహం ఇటు తిప్పి, మళ్లీ బిగించింది. రవ్వలు అవతలికి పోయాయి. యోసేపు లబోదిబోమన్నాడు.

"కంపెనోడు బిగించింది విప్పుతవా!"

"కంపెనోనికి నా చెయ్యి తెల్వదు గద అన్నా" అంది అంతమ్మ.

ఆమె కూతురు వనిత రోజూ చేవెళ్ల నుంచి బస్సులో వచ్చి, మొయినాబాద్ దగ్గరి కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఆ కాలేజీలో ఏటా రోబోల కొట్లాట పెడతారు. అద్దాల గదిలో రెండు మిషన్లను దించితే మూడు నిమిషాలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి, బయట నిలబడి పిల్లలు రిమోట్‌తో నడుపుతారు. "సదువుకున్నోళ్ల పొట్టేళ్ల పందెం" అని దానికి పేరు పెట్టింది అంతమ్మ.

నిరుడు వనిత శ్రీకాంత్ టీములో ఉంది. శ్రీకాంత్ సీనియరు. వాళ్ల నాయన జనార్దన్ మండలంలో పేరున్న నాయకుడు, చేవెళ్ల దాకా ఏ కరెంటు స్తంభం చూసినా ఆయన ఫ్లెక్సీయే. ఆ రోబోకు రేకులు కోసింది వనిత, బెజ్జాలు వేసింది వనిత, చేతులు బొబ్బలెక్కింది వనితకు. కప్పు వచ్చింది. స్టేజీ ఎక్కబోతుంటే శ్రీకాంత్ తన ఫోను ఆమె చేతిలో పెట్టి "వనితా, జర ఫోటో తియ్యవా" అన్నాడు. ఆ ఫోటోలో ఐదుగురు మగపిల్లలున్నారు, ఒక కప్పు ఉంది.

ఆ రోజు ఇంటికి వచ్చి వనిత అన్నం ముట్టలేదు. "వచ్చే ఏడు నా మిషన్ నేనే దించుత అవ్వా. ఒక్కదాన్నే. కప్పు రాకున్న సరే, అద్దాల గదిలకైతే దించుత" అంది.

"దించు బిడ్డా" అంది అంతమ్మ.

దించాలంటే ఒక చిక్కు ఉంది. రోబో కడుపులో మోటరు పొడుగ్గా పడుకొని తిరుగుతుంది. ఎదుటిదాన్ని కొట్టే ఇనుప చక్రమేమో ముందర నిలువుగా తిరగాలి. ఆ తిరుగుడును మూల మలుపు తిప్పడానికి మధ్యలో ఒక గేర్‌బాక్సు కావాలి. శ్రీకాంత్‌ది విదేశం నుంచి థర్మాకోల్ డబ్బాలో భద్రంగా వచ్చింది. వనితది యోసేపు షెడ్డులో పాత సామాను కుప్ప మీదినుంచి వచ్చింది. మోటరు కాలిపోయిన తన పాత గ్రైండర్ తలకాయను అంతమ్మ కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టింది.

"లోపల రెండు పండ్ల చక్రాలున్నయి. ఒకటి పండుకొని తిరుగుతది, ఇంకోటి నిలబడి తిరుగుతది. నీకు కావాల్సింది గదే గద? ఎనిమిదేండ్లు ఇనుము తిన్నది, మీ ఆటబొమ్మలు దీనికొక లెక్కనా!"

వనిత కాలేజీ లేతు మిషను మీద కొలిచి కొలిచి ఒక జోడింపు ముక్క చేసి, ఆ తలకాయను కొత్త మోటరుకు తగిలించింది. రోబోకు 'మొండి' అని పేరు రాసింది.

పోటీ రోజు అంతమ్మ షెడ్డుకు సెలవు చెప్పి కాలేజీకి వచ్చింది. అద్దాల గదిలోకి దిగే ముందు ప్రతి రోబో ఒక పరీక్ష దాటాలి. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, చక్రాన్ని పూర్తి వేగంతో తిప్పి చూపాలి. దాటకపోతే ఇంటికే. పరీక్ష చేసేది నగరం నుంచి వచ్చిన ప్రశాంత్ సారు.

అంతమ్మ జనం లోపలికి రాకుండా కట్టిన తాడు బయట నిలబడి చూస్తోంది. మొండి చక్రం కదిలింది. అది ఎటు తిరుగుతోందో చూడగానే ఆమె తాడు మీదికి వంగింది.

"బిడ్డా, ఆపు!"

ఆ కేక వినపడేలోపే చక్రాన్ని పట్టి ఉంచే నట్టు ఊడింది. చక్రం ఎగిరి పెట్టె గోడకు ధడేలుమని తగిలింది.

"అవుట్" అన్నాడు ప్రశాంత్. "మంచి గేర్‌బాక్స్ కొనుక్కొని వచ్చే సంవత్సరం రామ్మా. ఇలాంటి పాత సామానుతో మనుషులు పోతారు."

పక్క బల్ల దగ్గరున్న శ్రీకాంత్ జాలి పడ్డాడు. ఆ జాలి తిట్టుకన్నా హీనంగా ఉంది. "చెప్పిన గద వనితా, గేట్లు రుద్దే సామాను రోబోకు సరిపోదు. మా టీముల ఉండు. టూల్స్ చూసుకుందువు."

వనిత కళ్లు నిండాయి. అది చూసి అంతమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తాడు ఎత్తి లోపలికి నడిచింది. కాపలా ఉన్న సాయిలు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, మెడల కార్డు ఉంటెనే లోపలికి."

"నా కార్డు గా డబ్బాల పడ్డది తమ్మీ, తెచ్చుకుంట" అని, ఊడిన నట్టును చూపించి సాగిపోయింది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు ప్రశాంత్.

"గా తలకాయ నాది సార్." అంతే చెప్పి కూతురి వైపు తిరిగింది. "చక్రం ఎటు తిప్పినవ్ బిడ్డా?"

"కింది నుంచి మీదికి అవ్వా. ఎదుటిదాన్ని ఎగరెయ్యాలంటే గట్లనే తిప్పాలె. అందుకే వైర్లు మార్చి మోటర్ ఉల్టా తిప్పిన."

"నువ్వు ఎదుటిదాని సంగతి చూసినవ్, నట్టు సంగతి అడగలే. గ్రైండర్ తిరిగినకొద్దీ నట్టు బిగుసుకునేటట్టు చేస్తరు. ఉల్టా తిప్పితే తనంతట తనే విప్పుకుంటది."

"మల్ల సీదా తిప్పితే చక్రం మీది నుంచి కిందికి కొడ్తది. అది ఎగరెయ్యదు అవ్వా."

"చక్రాన్ని గాదే, తలకాయను తిప్పు! నా పుర్రచేతికి నేనేం చేసుకున్న?"

వనిత మరుక్షణమే స్క్రూడ్రైవర్ అందుకుంది. తలకాయ మొహాన్ని ఎడమ నుంచి కుడికి తిప్పితే చక్రం ఆ పక్కకు వస్తుంది. మోటరు సీదాగానే తిరుగుతుంది, నట్టు బిగుస్తూనే ఉంటుంది, చక్రం మాత్రం కింది నుంచి పైకి లేస్తుంది. మూడేళ్ల చదువులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదని ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

"ఆగండి, నేను అవుట్ అని చెప్పాను" అన్నాడు ప్రశాంత్.

"మీ రూలు కాయితంల ఏమున్నదో సదువు బిడ్డా. జర గట్టిగ సదువు."

వనిత గట్టిగానే చదివింది. పరీక్షల గడువు పన్నెండింటి దాకా. ఆలోపు ఎవరైనా బాగు చేసుకొని ఇంకొకసారి రావచ్చు. గోడ గడియారంలో పదకొండూ ఇరవై ఐదు.

"ఇంక ముప్పై ఐదు నిమిషాలున్నయి సార్. మీరు చాయ తాగి రాండ్రి" అంది అంతమ్మ.

నాలుగు స్క్రూలు విప్పారు. తలకాయ తిప్పారు. చక్రం పక్క మారింది కాబట్టి ముందరి పలకలో దాని సందు కూడా పక్క మారాలి. పలకనే తిరగేసి బిగించారు, బెజ్జాలు సరిగ్గా కూర్చున్నాయి. వైర్లు మళ్లీ సీదా చేసింది వనిత. చివరి నట్టు అంతమ్మ పుర్రచేత్తో బిగించింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా మొండి మళ్లీ పెట్టెలోకి ఎక్కింది.

ఈసారి చక్రం నిమిషం సేపు హోరున తిరిగింది. ఎక్కడా తొణకలేదు. ఆగాక అంతమ్మ పానా తీసి ప్రశాంత్ చేతిలో పెట్టింది.

"గిప్పుడు విప్పుండ్రి సార్."

ప్రశాంత్ పట్టాడు. నొక్కాడు. మొహం ఎర్రబడింది గానీ నట్టు కదల్లేదు. పానా తిరిగి ఇచ్చేసి, కాగితం మీద సంతకం పెట్టాడు. "పాస్. ఇది నేను రాసి పెట్టుకోవాలమ్మా" అన్నాడు. పాపం, మంచివాడే.

మొదటి ఆటే శ్రీకాంత్ రోబోతో పడింది. మొదటి నిమిషం మొండి తన్నులే తిన్నది, ఒక పక్క రేకు ఊడి వేలాడింది. అంతమ్మ అద్దానికి ముక్కు ఆనించి "దగ్గరికి పో, దగ్గరికి పో" అని గొణుగుతూనే ఉంది. వనిత వెనక్కి తగ్గలేదు. నేరుగా పోయి ఎదురెదురుగా ఢీకొట్టింది. చక్రం కింది నుంచి లేచింది. శ్రీకాంత్ రోబో మూడడుగులు ఎగిరి వెల్లకిలా పడింది, చక్రాలు గాలిలో గిరగిరా తిరిగాయి, మళ్లీ లేవలేదు. పదంకెలు లెక్కపెట్టి గంట కొట్టారు.

తర్వాతి ఆటలో పుణె కాలేజీ నుంచి వచ్చిన టీము చేతిలో మొండి తునాతునకలైంది, అది వేరే సంగతి. ఈ గంట మాత్రం వనితది. తల్లీకూతుళ్లు మొండిని ఎత్తి బల్ల మీద పెట్టారు. "గెలిచిన టీం ఫోటో పంపాలి" అని ఎవరో కేక వేశారు. టీం అంటే అక్కడున్నది ఇద్దరే. తన రోబోను చంకన పెట్టుకొని శ్రీకాంత్ అటుగా పోతున్నాడు.

వనిత తన ఫోను అతని చేతిలో పెట్టింది.

"అన్నా, జర ఫోటో తియ్యవా."

శ్రీకాంత్ ఫోను వంక చూశాడు, వనిత వంక చూశాడు. నిరుటి సంగతి గుర్తొచ్చినట్టుంది, తల దించుకొని ఫోను పైకెత్తాడు.

అంతమ్మ పానాను కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకొని ఛాతీ దగ్గర పట్టుకుంది.

"సీదా పట్టు కొడుకా" అంది. "నా పుర్రచెయ్యి పడాలె."