సిగ్నీ భుజానికి తగిన రైఫిల్

ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున సిరిల్ వోజ్నియాక్ పాల లారీని మా కొట్టు ముందు ఆపి లోపలికి వచ్చాడు. మాది తుపాకుల కొట్టు. మా నాన్న పెట్టింది. ఆయన పోయాక పదిహేనేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. గాలాలు, ఎరలు, చలికోట్లు కూడా అమ్ముతాం. సిరిల్ ఎప్పుడొచ్చినా చేతి తొడుగులో, టార్చి బ్యాటరీలో కొనుక్కుని పోయేవాడు. ఆ రోజు మాత్రం తుపాకుల అల్మరా ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, పన్నెండేళ్ల ఆడపిల్లకి మొదటి రైఫిల్ ఏది బాగుంటుందని అడిగాడు.

జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. లైబ్రరీలో చదివి రాసుకున్నాడట, రైఫిళ్ల బరువులు, పొడవులు, తూటాల పేర్లు. చేతిరాత చాలా పొందికగా ఉంది. ఆ రాసుకున్నవాటిలో సగం సంగతులు సిరిల్‌కి అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది.

"చెప్పులు కొనాలంటే కాళ్లు కూడా రావాలి కదా నాయనా," అన్నాను. "పిల్లని తీసుకురా."

తీసుకురాలేనన్నాడు. పిల్లకి రైఫిల్ ఏదో వాళ్ల తాత ఎప్పుడో ఖాయం చేసేశాడు.

ఆ పిల్ల పేరు సిగ్నీ. దాని తండ్రి కార్‌స్టెన్ దుంగల పనిలో ఉండేవాడు. మూడేళ్ల కిందట ఏప్రిల్లో, నరుకుతున్న చెట్టు అనుకోని వైపు ఒరిగి మీద పడటంతో చనిపోయాడు. రెండేళ్లయ్యాక సిగ్నీ తల్లి లెనోర్ సిరిల్‌ని చేసుకుంది. అతను మిల్వాకీ పట్నం మనిషి. లారీ ఉద్యోగం కోసం మా విస్కాన్సిన్ ఉత్తరపు అడవుల్లోకి వచ్చాడు. అప్పటిదాకా తుపాకీ ముట్టినవాడు కాదు.

మా వైపు పిల్లలకి పన్నెండు నిండితే, ఆ నవంబరులో జింకల వేటకి పోవచ్చు. మొదటి రైఫిల్ ఎంచి చేతిలో పెట్టేది తండ్రి. తండ్రి లేడు కనుక ఆ బాధ్యత తాత తోర్వాల్డ్ తీసుకున్నాడు. కార్‌స్టెన్ వాడిన రైఫిలే మనవరాలికి ఇస్తానన్నాడు. అది పొడుగాటి, బరువైన రైఫిల్. పేలిస్తే గుర్రం తన్నినట్టు తంతుంది. భుజానికి ఆనే వెనక భాగానికి, అంటే మడమకి, ఇనప రేకు బిగించి ఉంటుంది. సిగ్నీ కూడా అదే కావాలంది.

"మరి నీకొచ్చిన ఇబ్బందేమిటి?" అని అడిగాను.

సిరిల్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. జూలైలో తాతా మనవరాలూ కంకర గోతుల దగ్గర రెండుసార్లు కాల్చి వచ్చారు. ఆ తర్వాత ఎండలు మండిపోతున్నా పిల్ల పొడుగు చేతుల చొక్కా విప్పలేదు. ఒకరోజు అటక మీది డబ్బా అందుకోబోయి, కుడిచెయ్యి పైకి లేవక ఎడమ చేత్తో అందుకుంది. ఏమైందని అడిగితే ముందు ఏమీ లేదంది. తర్వాత గుండీ విప్పి చూపించింది. భుజమంతా వంకాయలా కమిలిపోయి ఉందట. అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

"చెప్పలేదు," అన్నాడు సిరిల్. "చెప్పకుండా ఎలా ఉండాలో కూడా తెలియడం లేదు."

ఉన్న సంగతి చెప్పాను. కమిలిన భుజం వారంలో మానుతుంది. కానీ తన్నుకి భయపడిన పిల్ల పేలకముందే ఒళ్లు బిగబట్టి కళ్లు మూసుకుంటుంది. అలా మూసుకున్న పిల్ల తూటా జింక గుండెకి తగలదు, పొట్టకో కాలికో తగులుతుంది. ఆ జింక ఏ పొదలోనో రెండు రోజులు బాధపడి చస్తుంది. ఆ పిల్ల బతుకంతా దాన్ని మరిచిపోదు. వెళ్లి ముసలాయనతో మాట్లాడమన్నాను.

వెళ్లాడు. ఆ మాటలేవో తర్వాత లెనోర్ నాకు చెప్పింది. తోర్వాల్డ్ తలుపు దగ్గరే నిలబెట్టి, "ఇది మా ఇంటి సంగతి, మిస్టర్ వోజ్నియాక్. మీకెందుకు?" అన్నాడట. కోడలి రెండో మొగుణ్ని ఆయన ఏడాదిగా అలాగే పిలుస్తున్నాడు, ఎంతో మర్యాదగా. సిరిల్ వాదించలేదు. అయితే తనకి కూడా కాల్చడం నేర్పమని అడిగాడు. వేటలో పిల్ల పక్కన ఉండాల్సిన పెద్దవాడికి తుపాకీ సంగతి తెలియకపోతే ఎలా అన్నాడు. నేర్పమని వచ్చినవాణ్ని పొమ్మనడం తోర్వాల్డ్‌కి చేతకాదు. ఈ ఊళ్లో సగం మందికి గురి నేర్పింది ఆయనే.

ఆ శనివారం ముగ్గురూ మా కొట్టు వెనకున్న గురి మైదానానికి వచ్చారు. అప్పటికి డెబ్భై నాలుగేళ్లున్నా తోర్వాల్డ్ నిటారుగానే నడిచేవాడు, మోకాళ్లు మాత్రం వంగేవి కావు. సిగ్నీ సన్నగా, తండ్రిలాగే తెల్లటి కనుబొమ్మలతో ఉంటుంది. రైఫిల్ సంచీని తనే మోసుకొచ్చింది, ఎవరినీ ముట్టనివ్వలేదు.

"మిల్వాకీలో పిచ్చుకల్ని దేంతో కొడతారు?" అని అడిగాడు ముసలాయన.

"కొట్టం, రొట్టెముక్కలు వేస్తాం," అన్నాడు సిరిల్. సిగ్నీ నవ్వాపుకోవడం చూశాను.

ముందు సిరిల్ కాల్చాడు. రైఫిల్ తన్నిన తన్నుకి కళ్లజోడు ముక్కు మీదికి జారింది, టోపీ వెనక్కి పడింది. తూటా గురిపలకని తాకడం అటుంచి, దాని వెనకున్న మట్టికట్టని కూడా తాకిందో లేదో. మరొకడైతే పళ్లు బిగించుకునేవాడు. సిరిల్ భుజం రుద్దుకుంటూ, అందరికీ వినపడేట్టు, "అబ్బో, చచ్చేంత నొప్పి. ఇంకోసారి కాల్చాలంటే భయంగా ఉంది," అన్నాడు. సిగ్నీ అతని మొహంలోకి అదోలా చూసింది. పెద్దవాళ్లు ఈ మాట అనొచ్చని దానికి అప్పటిదాకా తెలియదనుకుంటాను.

తర్వాత పిల్ల వంతు. తూటా పెట్టడానికి రైఫిల్ నేను అందుకున్నాను. మా నాన్న దగ్గర నేర్చిన పాత పద్ధతి ఒకటుంది. లోపల మందు లేని ఉత్తి తూటాని, కాల్చేవాళ్లకి చెప్పకుండా పెడతాం. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది, అంతే. రైఫిల్ తన్నదు కనుక గొట్టం కదలకూడదు. కదిలిందంటే మనిషే కదిల్చినట్టు.

సిగ్నీ గురిపెట్టింది. నొక్కింది. టిక్కుమంది. పేలని ఆ రైఫిల్ గొట్టం బెత్తెడు కిందికి పోయింది. పిల్ల భుజం వెనక్కి ముడుచుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. తెరిచి చూసేసరికి మేం ముగ్గురం తనవైపే చూస్తున్నాం. చెవులదాకా ఎర్రబడిపోయింది.

చేసింది నేనే అయినా నాకే కష్టంగా అనిపించింది.

తోర్వాల్డ్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. తర్వాత నాతో అన్నాడు:

"బెర్నిస్, కార్‌స్టెన్‌కి పన్నెండేళ్లప్పుడు మీ నాన్న వాడికి చిన్నది తీసుకోమన్నాడు. గుర్తుందా?"

గుర్తుంది. అప్పుడు నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని.

"నేనే వినలేదు. ఎదిగే పిల్లాడు, పెద్దదే ఇవ్వండి అన్నాను. మూడు నవంబర్లు వాడికి ఒక్క జింకా పడలేదు. గురి కుదరదురా నీకు, గుడ్డివాడా అని నలుగురిలో వెక్కిరించేవాణ్ని." ఆయన సిగ్నీ వైపు తిరిగాడు. "వాడూ ఇలాగే కళ్లు మూసుకుని ఉంటాడు. నేను గురిపలకని చూశాను గానీ వాడి మొహం ఒక్కసారి కూడా చూడలేదు."

సిగ్నీ దగ్గరికి వచ్చింది. ఆయన దాని కమిలిన భుజం మీద కాదు, పక్కన మెడ దగ్గర చెయ్యి వేశాడు.

"నొప్పి అని చెప్పొచ్చు కదే తల్లీ?"

"ఇది వద్దంటే నాన్నని వద్దన్నట్టు ఉంటుంది కదా తాతా," అంది.

ముసలాయన దాన్ని దగ్గరికి లాక్కున్నాడు. సిరిల్ గురిపలకలు ఏరుకొస్తానని మైదానం చివరిదాకా వెళ్లాడు. అక్కడ ఉన్నది ఒకే ఒక్క పలక. దాన్ని ఏరడానికి చాలాసేపు పట్టింది.

కొట్టులోకి వచ్చాక అల్మరాలోంచి మూడు రైఫిళ్లు తీశాను. మొదటిది ఈకలా తేలిక. పిల్ల ముచ్చటపడింది గానీ తేలికైన రైఫిల్ ఎక్కువ తంతుందని చెప్పి పక్కన పెట్టాను. రెండోది కొత్తది, నిగనిగలాడుతోంది. మోచేతి మడతలో మడమ ఆనించి చూస్తే వేలు ట్రిగ్గర్‌కి అందలేదు. మూడోది పాతది. పక్క ఊరి పాడి రైతు కూతురు నాలుగేళ్లు వాడుకుని, పొడుగెదిగి తిరిగి ఇచ్చేసింది. మడమ పొట్టిగా కోసి, చివర మెత్తటి రబ్బరు బిగించి ఉంది. కర్ర నిండా గీతలే. తూటా చిన్నది, కానీ అరవై, డెబ్భై గజాల్లో జింకకి ధారాళంగా చాలుతుంది.

సిగ్నీ మూడింటినీ మళ్లీ మళ్లీ భుజానికెత్తుకుంది. తోర్వాల్డ్ గొట్టాల్లోకి ఒంటి కన్నుతో చూసి, బోల్టులు ఆడించి, రెండోదాని మడమ కోయించుకోవచ్చన్నాడు. పిల్ల తేల్చుకోలేకపోయింది. చివరికి తలుపు పక్కన నిలబడ్డ సిరిల్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు."

"నాకేం తెలుసమ్మా?"

"అయినా చెప్పు."

సిరిల్ ముసలాయన వైపు చూశాడు. ఆయన చూపు తిప్పుకోలేదు, కాదనలేదు.

"మొదటి రెండూ ఎత్తినప్పుడల్లా నువ్వు ఊపిరి బిగబట్టావు," అన్నాడు సిరిల్. "ఆ గీతలున్నదాన్ని ఎత్తినప్పుడు మాత్రం మామూలుగా పీల్చుకున్నావు."

అల్మరా తాళం నా చేతిలోనే ఉండిపోయింది. తుపాకుల మధ్యే పుట్టి పెరిగిన నేను ఆ సంగతి గమనించలేదు. తోర్వాల్డ్ గీతల రైఫిల్ తీసుకుని, రుమాలుతో తుడిచి మనవరాలి చేతుల్లో పెట్టాడు. కార్‌స్టెన్ రైఫిల్ తమ వాకిలి తలుపు పైన ఎప్పటి మేకులకే ఉంటుందని, పిల్లకి ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకోవచ్చని, వద్దనుకున్నా తనకి బాధ లేదని చెప్పాడు.

భయం ఒక్కరోజులో పోలేదు. సెప్టెంబరంతా చీమ కుట్టినంత కూడా తన్నని చిన్న తుపాకీతో కాల్పించాడు తాత. అక్టోబరులో గీతల రైఫిల్ ఇచ్చాడు. శనివారం శనివారం ముగ్గురూ వచ్చేవారు. సిరిల్ ఇసక సంచులు మోసేవాడు, పలకలు మార్చేవాడు. నేను మధ్యమధ్య ఉత్తి తూటా పెట్టేదాన్ని. మొదట్లో గొట్టం వంగేది. ఆకులన్నీ రాలేనాటికి అది కదలడం మానేసింది.

నవంబరులో వేట మొదలయ్యే రోజు పిల్లతో మంచె ఎక్కేది తోర్వాల్డే అని అందరం అనుకున్నాం. ముందురోజు ఆయన నిచ్చెన దగ్గరికి వెళ్లి, రెండు మెట్లెక్కి దిగిపోయాడట. కిందికొచ్చి, "నువ్వు ఎక్కు సిరిల్. నేను దారి చివర ట్రక్కులో కూర్చుంటాను," అన్నాడట. ఆయన నోట సిరిల్ పేరు రావడం అదే మొదటిసారని లెనోర్ చెప్పింది.

మొదటి రోజు మిగతా వేటగాళ్లకి కనిపించేలా నారింజ రంగు కోట్లు వేసుకుని పొద్దున్నుంచి చీకటి పడేదాకా మంచె మీద కూర్చున్నారు. సిరిల్ దగ్గర తుపాకీ లేదు, కాఫీ ఫ్లాస్కు, రొట్టెలు మాత్రమే. ఒక మగజింక వచ్చింది గానీ అడ్డంగా కొమ్మ ఉంది. సిగ్నీ రైఫిల్ ఎత్తి మళ్లీ దించేసింది. రెండో రోజు తొమ్మిదింటికి, అరవై అడుగుల దూరంలో, జానెడు కొమ్ములున్న మగజింక దేవదారు చెట్ల మధ్యలోంచి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. పిల్ల ఊపిరి పీల్చి సగం వదిలింది. కళ్లు తెరిచే ఉన్నాయని సిరిల్ నాకు నాలుగుసార్లు చెప్పాడు. జింక ఇరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది.

సిరిల్ లేవబోతే సిగ్నీ అతని కోటు పట్టుకుని ఆపింది.

"ఇప్పుడే వెళ్లకూడదు. ప్రాణం పూర్తిగా పోయేదాకా అరగంట ఆగాలని నాన్న చెప్పేవాడు."

అరగంట ఆగారు. దిగి వెళ్లి, జింక మెడ మీద చెయ్యి పెట్టుకుని పిల్ల ఏడ్చింది. సిరిల్ పక్కనే మంచులో కూర్చున్నాడు. ఏడుపు తీరాక సిగ్నీ ముక్కు తుడుచుకుని, కత్తి తీసి, పొట్ట శుభ్రం చేయడం వచ్చా అని అడిగింది. రాదన్నాడు.

"నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న చూపించాడు. నువ్వు ఆ వెనక కాలు గట్టిగా పట్టుకో. వాసనొస్తే అటు తిరుగు. లోపలి సంచీ పగిలితే మాంసమంతా పాడు."

సిరిల్ కాలు పట్టుకున్నాడు, అటు తిరిగాడు, పొద్దున తిన్న రొట్టెలు కక్కేశాడు. సిగ్నీ నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కళ్లనీళ్లు కారుతుండగానే నవ్వింది. తర్వాత పనంతా తనే చేసింది, సిరిల్ పట్టుకోమన్నవి పట్టుకున్నాడు.

మధ్యాహ్నం జింకని సర్కారు లెక్కలో నమోదు చేయించడానికి మా కొట్టుకే తెచ్చారు. లోపల వరస పెద్దగా ఉంది. ఎవరో, "ఏం సిరిల్, మొహం నీ లారీలో పాలలా తెల్లబోయిందే?" అన్నాడు. అందరూ నవ్వారు. తోర్వాల్డ్ ఆ మాటన్నవాడి వైపు చూసి, "మా వాడు రెండు రోజులు చలిలో కదలకుండా కూర్చున్నాడు. నువ్వు గంటకోసారి బీరు కోసం దిగుతావు," అన్నాడు. నవ్వు అటు తిరిగింది.

జింక కాలికి రేకు బిళ్ల బిగిస్తూ ఎలా కొట్టావని సిగ్నీని అడిగాను. మొదటి రోజు కొమ్మ దగ్గర మొదలుపెట్టింది. చేతులతో చూపిస్తూ, వెనక్కి వెళ్లి మళ్లీ చెబుతూ పావుగంట మాట్లాడింది. వెనక పదిమంది నిలబడి ఉన్నా ఎవరూ తొందరపెట్టలేదు. ఈ కొట్టులో మొదటి జింక కథ మధ్యలో ఎవరూ అడ్డు రారు.

వాళ్లు వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూశాను. ముసలాయన ట్రక్కు తాళాలు సిరిల్‌కి ఇచ్చి, తను అవతలి తలుపు వైపు వెళ్లాడు. మోకాళ్లు వంగక ఎక్కలేకపోతుంటే సిగ్నీ వెనకనుంచి తోసింది. తర్వాత ఇద్దరి మధ్యా ఎక్కి కూర్చుంది.